కత్తి దూయని గంటంబావు



జపాన్ ముఠాల సినిమా అనగానే మనలో చాలామందికి నల్ల సూట్లు, నల్ల కళ్లద్దాలు, ఒంటినిండా పచ్చబొట్లు, తెగిన చిటికెన వేలు గుర్తొస్తాయి. ఈమధ్య వచ్చిన ‘ఓజీ’ సినిమా పుణ్యమా అని యకూజా అనే మాటా, జపాన్ కత్తీ మన ఊళ్లలో కుర్రాళ్లకు కూడా పరిచయమయ్యాయి. ఇవాళ నేను మీతో చెప్పాలనుకున్నవి అంతకంటే చాలా పాత సినిమాలు. 1963 మొదలు 1972 దాకా, దాదాపు పదేళ్లపాటు, తోయే అనే జపాన్ కంపెనీ వరసపెట్టి తీసిన జూదరుల కథలు. వాటిలో కాలం మనది కాదు, ఆ సినిమాలు తీసినవాళ్లదీ కాదు. మెయిజీ చక్రవర్తి రోజులు, ఆ తరవాతి తైషో కాలం, రెండో ప్రపంచ యుద్ధానికి ముందరి షోవా తొలినాళ్లు. స్థూలంగా 1870ల నుంచి 1930ల దాకా అనుకోండి. మనుషులు లాగే రిక్షాలు, గ్యాసు దీపాలు, కొత్తగా వేసిన రైలు పట్టాలు, వాటి పక్కన కిమోనో కట్టుకుని చెక్క చెప్పులతో నడిచిపోయే జూదరి. జపాన్‌లో వీటిని నింక్యో చిత్రాలంటారు. ఇచ్చిన మాట కోసం, బలహీనుడి కోసం ప్రాణం పెట్టేవాడి కథలని అర్థం చేసుకుంటే చాలు.

కథ ఒక్కటే. పది సినిమాలు చూస్తే పదింటిలోనూ అదే. ఒక ఊళ్లో రెండు ముఠాలు ఉంటాయి. ఒకటి పాత ఇల్లు. దాని పెద్ద ముసలివాడు, న్యాయం తెలిసినవాడు, కూలీలకు అన్నం పెట్టేవాడు. రెండోది కొత్తగా బలిసిన ఇల్లు. దానికి కాంట్రాక్టర్ల అండ ఉంటుంది, పోలీసుల అండ ఉంటుంది, ఒక్కోసారి సైన్యం అండ కూడా ఉంటుంది. జైలు నుంచో, యుద్ధం నుంచో కథానాయకుడు తిరిగొస్తాడు. కొత్త ముఠా పాత ఇంటి పొట్ట కొడుతుంది, సరుకు తగలబెడుతుంది, మనుషుల్ని కొడుతుంది, చివరికి పెద్దాయన్నే చంపిస్తుంది. పోతూ పోతూ ఆయన ఒకే మాట చెబుతాడు, పగ తీర్చుకోవద్దని. కథానాయకుడు ఆ మాటకు కట్టుబడతాడు. ఓర్చుకుంటాడు, మళ్లీ ఓర్చుకుంటాడు. గంటంబావు గడిచాక ఇక ఓర్చుకోలేని ఒక రాత్రి వస్తుంది. దుప్పటి కింద దాచిన కత్తి తీసి, కిమోనో సర్దుకుని, ఒంటరిగా బయలుదేరతాడు. ఆ తరవాతి పది నిమిషాల్లో ఏం జరుగుతుందో మీరు ఊహించగలరు.

కురుక్షేత్రం నాటకంలో రాయబారం ఎలా ముగుస్తుందో తెలియని తెలుగువాడు ఉండడు. అయినా తెల్లవార్లూ కూర్చుని వింటాం. ఆ పద్యం ఈ నటుడి గొంతులో ఎలా పలుకుతుందో వినాలని వెళతాం. టోక్యోలో, ఒసాకాలో ఈ సినిమాలకు వెళ్లిన జనం కూడా కథ కోసం వెళ్లలేదు. ఈసారి ఇతను ఎంతసేపు ఓర్చుకుంటాడు, ఏ అవమానం దగ్గర అతని ముఖం మొదటిసారి కదులుతుంది, అది చూడటానికి వెళ్లారు. నన్ను ఈ సినిమాల దగ్గర కట్టిపడేసింది కూడా అదే. బయట ఇవి కత్తుల సినిమాలుగా పేరుపడ్డాయి. నా దృష్టిలో ఇవి కత్తి ఒరలోనే ఉండిపోయిన గంటంబావు గురించిన సినిమాలు.

రేడియోలో ఉన్నాం కనుక ముందు ఒక చప్పుడు గురించి చెబుతాను. ఈ సినిమాల్లో జూదపు గది ఒకటి తప్పకుండా ఉంటుంది. చాప మీద తెల్లగుడ్డ బిగించి పరుస్తారు. దానికి అటూ ఇటూ ఆటగాళ్లు మోకాళ్ల మీద కూర్చుంటారు. మధ్యలో పాచికలు వేసేవాడు నడుము దాకా బట్టలు తీసేసి కూర్చుంటాడు. చేతుల్లో, చంకలో ఏమీ దాచలేదని అందరికీ కనబడాలి. చిన్న బుట్టలాంటి గిన్నెలోకి రెండు పాచికలు విసిరి, గలగలమనిపించి, ఠక్కున గుడ్డ మీద బోర్లిస్తాడు. సరిసంఖ్యా, బేసిసంఖ్యా అన్నదే పందెం. సరికి ‘చో’, బేసికి ‘హాన్’ అంటూ ఇటు నుంచి ఒక గొంతు, అటు నుంచి ఒక గొంతు. చెక్కబిళ్లలు ముందుకు జరుగుతాయి. రెండు పక్కలా పందేలు సమానమయ్యాక ఒక్క క్షణం నిశ్శబ్దం. అప్పుడు గిన్నె లేస్తుంది. ఆ క్షణంలో కెమెరా పాచికల్ని చూడదు, మనుషుల కళ్లను చూస్తుంది. మోసం పట్టేసిన కథానాయకుడు తల ఎత్తడు. చూపు ఒక్కటే పైకి లేస్తుంది. గదిలో గాలి మారిపోయిందని మనకు తెలిసిపోతుంది.

ఇంకోటి పలకరింపు. ఊరు మారిన జూదరి కొత్త ఇంటి గుమ్మం దగ్గర తిన్నగా లోపలికి రాకూడదు. మోకాళ్లు వంచి, నడుము సగం వంచి, కుడి అరచెయ్యి పైకి తెరిచి ముందుకు చాపాలి. ఇంటివాడు కూడా అలాగే వంగుతాడు. ముందు మీరు వినండంటే మీరు వినండని కాసేపు మర్యాదలు నడుస్తాయి. ఆ తరవాత వచ్చినవాడు ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోతాడు. పుట్టిన సీమ ఏది, ఊరు ఏది, ఏ పెద్ద చేతి కింద పెరిగాను, నా పేరేమిటి. తడబడితే నకిలీవాడని అనుమానం. ఇల్లూ వాకిలీ లేని మనిషికి ఆ నాలుగు వాక్యాలే ఆస్తి. ఆ కాసేపూ అతనికి ఒక ఊరు ఉంటుంది, ఒక పెద్ద ఉంటాడు. ఈ దృశ్యాన్ని కొందరు దర్శకులు కత్తిపోరు కంటే శ్రద్ధగా తీశారు. నాకూ అదే ఎక్కువ ఇష్టం.

ఇవి అప్పుడే ఎందుకు వచ్చాయో తెలియాలంటే డబ్బు లెక్కలు కొంచెం చూడాలి. 1958లో జపాన్‌లో సినిమా టికెట్లు 112 కోట్లకు పైగా తెగాయి. 1963కు వచ్చేసరికి ఆ లెక్క సగానికి పడిపోయింది. ఇంట్లోకి టీవీ వచ్చింది. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు ఇంట్లోనే కూర్చున్నారు. హాలుకు వచ్చేవాడల్లా మగవాడు, అందులోనూ ఒంటరి మగవాడు. తోయే కంపెనీకి క్యోటోలో పెద్ద స్టూడియో ఉంది. సమురాయ్ సినిమాలకు వేసిన వీధులు, వంతెనలు, కత్తిసాము మాస్టర్లు, విగ్గులు కట్టేవాళ్లు అందరూ అక్కడే ఉన్నారు. సమురాయ్ బొమ్మలకు మాత్రం గిరాకీ పోయింది. ఉన్న వీధుల్నీ, ఉన్న మనుషుల్నీ పెట్టుకుని వందేళ్లు ముందుకు జరిగారు. సమురాయ్ స్థానంలో జూదరి వచ్చాడు.

1963 మార్చిలో వచ్చిన ‘జిన్‌సేయ్ గెకిజో: హిషకాకు’ దీనికి తొలి అడుగు. దర్శకుడు తదాషి సవాషిమా, కథానాయకుడు కోజీ త్సురుతా. తనకు ఆశ్రయమిచ్చిన ఇంటి రుణం తీర్చడానికి హిషకాకు ఒకణ్ణి చంపి జైలుకు పోతాడు. అతను ప్రాణంలా చూసుకున్న ఓతోయో అనే అమ్మాయి ఈలోగా ఇంకో మనిషికి దగ్గరవుతుంది. ఆ మనిషీ అదే ఇంటివాడు, పైగా ఆమె ఎవరో తెలియక ప్రేమించాడు. ఆ రెండో మనిషిగా వేసిన కుర్రాడు కెన్ తకాకురా. తప్పు ఎవరిదీ కాదు, గాయం మాత్రం ముగ్గురికీ. అక్కడి నుంచి కోజీ షుందో అనే నిర్మాత ఈ బాణీని పట్టుకుని వరసలు వరసలుగా తీయించాడు. ‘నిహోన్ క్యోకకుదెన్’ 11 సినిమాలు, ‘షోవా జంక్యోదెన్’ 9, ‘బకుచిఉచి’ 10, ‘హిబోతన్ బకుతో’ 8.

పోలీసుల లెక్క ప్రకారం జపాన్‌లో నిజమైన ముఠా సభ్యుల సంఖ్య అన్నిటికంటే ఎక్కువగా ఉన్న ఏడాది కూడా 1963యే. సుమారు 1,80,000 మంది. తెర మీద మర్యాదస్తుడైన జూదరి పుట్టిన ఏడాదీ, వీధిలో బలవంతపు వసూళ్లు చేసే ముఠాలు బాగా బలిసిన ఏడాదీ ఒకటే. ఆ మరుసటి ఏడాది టోక్యో ఒలింపిక్స్. బుల్లెట్ రైలు మొదలైంది కూడా అప్పుడే. పల్లెల్లో బడి అయిపోయిన పదిహేనేళ్ల పిల్లల్ని గుంపులు గుంపులుగా రైలెక్కించి నగరాల ఫ్యాక్టరీలకు పంపిస్తున్న రోజులవి. ఊరు వదిలి, అమ్మానాన్నల్ని వదిలి, యజమాని ఇచ్చిన గదిలో పడుకుని, పొద్దున లేచి యంత్రం ముందు నిలబడే కుర్రాడు శనివారం రాత్రి ఈ సినిమాకు వెళ్లాడు. తెర మీద మనిషి తనకంటే ఎక్కువ పడుతున్నాడు. తనలాగే నోరు మూసుకుంటున్నాడు. కానీ చివరికి లేచి నిలబడుతున్నాడు. అది ఆ కుర్రాడికి ఎంత కావాలో ఊహించుకోండి.

కథలు పాతకాలంలో పెట్టడం వెనక పెద్ద విషయమే ఉంది. ఈ సినిమాల్లో దుర్మార్గుడు సూటు వేసుకుంటాడు, చేతిలో పిస్తోలు ఉంటుంది, గోడకు గడియారం, బల్ల మీద విదేశీ సీసా. మంచివాడు కిమోనోలో ఉంటాడు, చేతిలో పిడికి అడ్డు లేని చెక్క ఒర కత్తి. మంచి ఇల్లు ఎప్పుడూ ఒక పనిని అంటిపెట్టుకుని ఉంటుంది. 1964లో మసహిరో మకినో తీసిన మొదటి ‘నిహోన్ క్యోకకుదెన్’ టోక్యోలోని ఫుకగావా ప్రాంతంలో, కిబా కలప అడితీల దగ్గర దుంగలు మోసేవాళ్ల కథ. ఆ వరసలోనే ఇంకోటి త్సుకిజి చేపల మార్కెట్ కథ. ఇంకోటి వకమత్సు రేవులో బొగ్గు ఎత్తే హమాలీల కథ. సరుకు నీటిలో నాననివ్వకూడదు, బరువు అందరూ సమంగా మోయాలి, కూలి సాయంత్రానికల్లా చేతిలో పడాలి. అక్కడ గౌరవం అనేది గాలిలో మాట కాదు, పని చేసే తీరు. అవతలి ముఠా లాక్కోవాలనుకునేదీ దాన్నే. చూస్తున్న ప్రేక్షకుడికి ఆ పనులన్నీ పోయాయనో, పోబోతున్నాయనో తెలుసు. కథానాయకుడు గెలిచినా ఆ అడితీ నిలబడదు, ఆ రేవు ఆ రేవులా ఉండదు. అందుకే ఆఖరి పోరులో గెలుపు ఉన్నా సంబరం ఉండదు. కథను ఇప్పటి కాలంలో పెడితే ఆ బరువు రాదు.

కెన్ తకాకురా గురించి ఒక్క ముక్కలో చెప్పలేను. 1931లో క్యూషూ దీవిలోని ఫుకువోకా ప్రాంతంలో పుట్టాడు, 2014లో పోయాడు. పొడవాటి మనిషి, పొట్టిగా కత్తిరించిన జుట్టు, తక్కువ మాట. అతను ఏడిస్తే ఏడ్చినట్టు ఉండదు. దవడ కొంచెం బిగుస్తుంది, అంతే. ‘షోవా జంక్యోదెన్’ వరసలో 1970లో మకినో తీసిన ఏడో సినిమా చూడండి. ఫుకగావాలో పేరున్న పూటకూళ్లింటి కొడుకు. సవతి తల్లికి కూతురు పుట్టాక తను అడ్డెందుకని ఇల్లు వదిలి జూదంలో పడతాడు. జైలుకు వెళతాడు. ఈలోగా 1923 నాటి భూకంపం టోక్యోను నేలమట్టం చేస్తుంది. తిరిగొచ్చేసరికి తండ్రి లేడు, సవతి తల్లికి చూపు లేదు. తానెవరో చెప్పకుండా ఆ ఇంట్లోనే వంటవాడిగా చేరతాడు. తన ఇంట్లో తను పనివాడిగా వంగి నిలబడి, చూపులేని ఆ తల్లి పలకరిస్తే జవాబు చెప్పే దృశ్యాలు ఉన్నాయే, వాటి ముందు కత్తిపోరు ఎంతపాటిది!

ఆ ఇంటి పెద్ద వంటవాడు కజామా అనే పాత జూదరి. వేసింది రియో ఇకెబె. చివరికి ఇద్దరూ కలిసి బయలుదేరతారు. ఈ నడక ఈ వరస మొత్తానికి గుండెకాయ. కథానాయకుడు ఒంటరిగా వెళ్తుంటే వీధి మలుపులో రెండోవాడు నిలబడి ఉంటాడు. నేనూ వస్తానంటాడు, వద్దంటాడు ఇతను, నాకూ ఒక రుణం ఉందంటాడు అతను. ఒక్కోసారి మంచు, ఒక్కోసారి వాన, ఇద్దరికీ ఒకే గొడుగు. వెనక నుంచి తకాకురా సొంత గొంతుతో పాడిన పాట వస్తుంది. వీపు మీద సింహం, పియోనీ పువ్వుల పచ్చబొట్టు గురించిన పాట అది. గొప్ప గాయకుడు కాదతను, గొంతులో బొంగురు ఉంటుంది. అర్ధరాత్రి ఆటల్లో హాలు హాలంతా ఆ పాట అందుకునేది. చావుకు నడిచివెళ్తున్న ఇద్దరు మగవాళ్ల మధ్య ఉన్న ఆ ఆత్మీయతను అంత నిశ్శబ్దంగా చూపించిన సినిమాలు నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

ఆ పాట ఎవరెవరి నోళ్లలో ఆడిందో వింటే ఆశ్చర్యపోతారు. 1968లో టోక్యో విశ్వవిద్యాలయంలో విద్యార్థులు తిరగబడ్డారు. భవనాలు ఆక్రమించారు. మరుసటి ఏడాది పోలీసుల నీటి ఫిరంగులకు ఎదురు నిలిచారు. 1968లోనే అక్కడి విద్యార్థి ఉత్సవానికి ఒసాము హషిమోతో అనే విద్యార్థి, తరవాత పెద్ద రచయిత అయ్యాడు, ఒక పోస్టరు గీశాడు. నింక్యో సినిమాలోంచి నడిచొచ్చినట్టున్న కుర్రాడు, వీపు మీద సింహానికి బదులు విశ్వవిద్యాలయపు చిహ్నమైన గింకో ఆకు పచ్చబొట్టు, నన్ను ఆపొద్దని అమ్మను వేడుకునే మాటలు. ఆ పోస్టరు పేరు దేశమంతా మారుమోగింది. వాళ్లు వామపక్షం. ఇటు చూస్తే నవలాకారుడు యుకియో మిషిమా పరమ జాతీయవాది. 1970 నవంబరు 25న సైనిక స్థావరంలోకి చొరబడి, పొట్ట చీల్చుకుని చనిపోయిన రోజు, అక్కడికి కారులో వెళ్తూ అనుచరులతో కలిసి పాడుకున్నది తకాకురా పాటే. ఎడమవాళ్లకూ కుడివాళ్లకూ ఒకే పాట ఎలా సరిపోయింది? ఓడిపోతామని తెలిసీ వెళ్లేవాడి పాట కాబట్టి. ఇందులో అందమూ ఉంది, ప్రమాదమూ ఉంది. చావును ఇంత అందంగా చూపించే కళ దగ్గర ప్రేక్షకుడు ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉండాలి.

ఆడవాళ్ల సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. చాలా నింక్యో సినిమాల్లో ఆడది గుమ్మంలో నిలబడి ఎదురుచూసే మనిషే. భార్య అయితే చనిపోతుంది, గీషా అయితే డబ్బు సర్దుతుంది. ఈ లోటు చిన్నది కాదు. కానీ 1968లో జుంకో ఫుజి కథానాయకురాలిగా ముందుకొచ్చింది, నిర్మాత షుందో కూతురే. ‘హిబోతన్ బకుతో’ వరసలో ఆమె కుమమోతో ప్రాంతపు జూదరి ఓర్యూ. తండ్రిని చీకట్లో ఎవరో నరికేస్తే, ఇల్లు మూసేసి, హంతకుణ్ణి వెతుక్కుంటూ దేశం మీద పడుతుంది. భుజం మీద ఎర్ర పియోనీ పచ్చబొట్టు. వంగి, అరచెయ్యి చాపి, ఇందాక చెప్పానే ఆ పలకరింపు, ఆమె చెప్పినంత స్వచ్ఛంగా ఇంకెవరూ చెప్పలేదు.

ఈ వరసలో మూడింటిని తాయ్ కతో తీశాడు. కెమెరాను నేలకు ఆనించి పెట్టే దర్శకుడు. అదీ చాలకపోతే గొయ్యి తవ్వించి అందులో పెట్టేవాడు. అక్కడి నుంచి చూస్తే మనుషులు నిలువెత్తు చెట్లలా కనిపిస్తారు. 1970 నాటి ‘ఓర్యూ సంజో’లో అసకుసా దగ్గర ఇమదో వంతెన మీద ఒక దృశ్యం ఉంది. మంచు కురుస్తోంది. ఊరు విడిచిపోతున్న ఒక జూదరిని సాగనంపడానికి ఓర్యూ వస్తుంది. ఆ జూదరిగా బుంత సుగవారా వేశాడు. ఇద్దరి మధ్యా ఏదో ఉంది, ఇద్దరూ అనరు. దారిలో తినమని ఇవ్వబోతుంటే ఆమె చేతిలోంచి ఒక కమలాపండు జారిపోతుంది. తెల్లటి మంచు మీద ఆ ఒక్క పండు దొర్లుతుంది. కెమెరా కదలదు. ఆమె వెళ్లి, వంగి, పండు తీసి, మంచు తుడిచి అతని చేతిలో పెడుతుంది. నూరు సంభాషణలు చెప్పలేని సంగతి అది. ముఠా సినిమా అన్న పేరు చూసి దీన్ని వదిలేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

1972లో జుంకో ఫుజి కబుకి రంగస్థల నటుణ్ణి పెళ్లి చేసుకుని తెర వదిలిపెట్టింది. చాలా ఏళ్ల తరవాత వేరే పేరుతో తిరిగొచ్చింది కానీ ఓర్యూ మళ్లీ రాలేదు.

ఇక ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే పెద్ద సినిమా 1968 నాటి ‘సోచో తొబాకు’. కోసాకు యమాషితా దర్శకుడు, కజువో కసహారా రచయిత. కాలం 1934. తెన్‌ర్యూ ఇంటి పెద్ద జబ్బుపడతాడు. వారసుడు ఎవరు? అందరూ నకాయ్ అంటారు. వేసింది త్సురుతా. నేను బయటి ఇంటి నుంచి వచ్చినవాణ్ణి, నాకు తగదంటాడు నకాయ్. న్యాయంగా రావాల్సింది తన ప్రమాణ సోదరుడు మత్సుదాకు. అతను జైల్లో ఉన్నాడు, వచ్చేదాకా ఆగుదామంటాడు. లోపల వేరే లెక్కలున్న సెన్బా అనే పెద్దమనిషి, తన చెప్పుచేతల్లో ఉంటాడనుకున్న ఇషిదోను కుర్చీ ఎక్కిస్తాడు. జైలు నుంచి వచ్చిన మత్సుదా ఇది అన్యాయమంటాడు. నిజంగానే అన్యాయం. కానీ పెద్దలు కూర్చుని తీర్పు చెప్పేశారు. తీర్పును మన్నించాలంటాడు నకాయ్. అదీ నిజమే. పైగా మత్సుదా స్వయానా అతని చెల్లెలి మొగుడు. ఇద్దరూ ఒకే నీతిని నమ్ముతున్నారు, ఆ నీతే ఇద్దర్నీ చెరో ఒడ్డుకు తోసేస్తోంది. నకాయ్ భార్య ఒక చిన్న విషయంలో మాట నిలబెట్టుకోలేక ప్రాణం తీసుకుంటుంది. చివరికి నకాయ్ తన చేతులతోనే మత్సుదాను చంపాల్సి వస్తుంది. అప్పుడు సెన్బా దగ్గరికి వెళతాడు. పెద్దవాడి మీద కత్తి ఎత్తుతావా, ఇదేనా నీ జూదరి ధర్మం అని సెన్బా నిలదీస్తాడు. తనకు ఆ ధర్మమేమీ తెలియదనీ, తానిప్పుడు ఒట్టి హంతకుణ్ణనీ నకాయ్ జవాబిస్తాడు. ఐదేళ్లుగా ఈ సినిమాలు కట్టుకుంటూ వచ్చిన గుడి ఆ ఒక్క మాటతో కూలిపోతుంది. కూల్చింది బయటివాళ్లు కాదు, అందులో నిత్యం దీపం పెట్టినవాళ్లే. వచ్చినప్పుడు ఇది మామూలు వారాంతపు సినిమా. ఏడాది తరవాత మిషిమా ఒక సినిమా పత్రికలో దీన్ని గ్రీకు విషాద నాటకాలతో పోల్చి రాశాక గానీ విమర్శకులు తల తిప్పి చూడలేదు.

జూదరుల కథలు తోయేతోనే పుట్టలేదు. కరువుకాలంలో పేదల్ని ఆదుకున్నాడని పేరున్న కునిసదా చూజి అనే నిజమైన జూదరి మీద 1927లోనే దైసుకె ఇతో మూకీ చిత్రం తీశాడు. పోయిందనుకున్న ఆ సినిమాలో కొంత భాగం 1991లో దొరికింది. దర్శకుడు కురొసావా తీసిన ‘యోజింబో’లో ఊరిని పీడించే రెండు ముఠాలూ జూదరుల ముఠాలే. ఆ కథ ఇటలీ వెళ్లి కౌబాయ్ సినిమా అయింది. ఆ గాలే తిరిగి తిరిగి 1971లో మన ‘మోసగాళ్లకు మోసగాడు’ దాకా వీచింది. అంధ జూదరి జతోయిచిగా షింతారో కత్సు 26 సినిమాల్లో వేశాడు. నిక్కాత్సు కంపెనీలో సైజున్ సుజుకి ఇదే సరుకును తీసుకుని, కత్తివేటుకు తలుపులు కూలితే వెనకంతా ఎర్రగా మారిపోయే వింత దృశ్యాలు తీశాడు. అవి చూడముచ్చటగా ఉంటాయి, కానీ మనసులో దిగేది తోయే వాళ్ల సినిమానే.

తోయే నింక్యో చిత్రాలు ముఠాల గురించి చెప్పింది అబద్ధమేనన్న సంగతి దాచడం నాకిష్టం లేదు. నిజమైన ముఠాలు కూలీల పక్షాన నిలిచింది తక్కువ, సమ్మెల్ని విరగ్గొట్టింది ఎక్కువ. తెర మీది గౌరవాన్ని చూపించి వీధిలో పరువు సంపాదించుకున్నారు. దీనికి జవాబు కూడా తోయే నుంచే వచ్చింది. 1973లో కింజి ఫుకసాకు ‘జింగి నాకి తతకాయ్’ తీశాడు. అణుబాంబు పడ్డ హిరోషిమా దగ్గరి కురే రేవులో, దొంగబజారులో మొదలయ్యే కథ. ఒక ముఠా నాయకుడు జైల్లో రాసుకున్న జ్ఞాపకాలు దానికి ఆధారం. కెమెరా పరిగెడుతుంది, పడిపోతుంది, ఎవరు ఎవర్ని చంపుతున్నారో తెలియదు, ఎవడి మాటా నిలవదు. దాని రచయిత ఎవరనుకున్నారు? ‘సోచో తొబాకు’ రాసిన కసహారాయే. కథానాయకుడు ఆ వంతెన మీద కమలాపండు అందుకున్న బుంత సుగవారా. ఏడుస్తూ, బతిమాలుతూ అందర్నీ మోసం చేసే పిరికి నాయకుడు నొబువో కనెకో, అప్పట్లో సెన్బాగా వేసినవాడే. ఆ మనుషులే ఐదేళ్లలో కిమోనోలు విడిచి అసలు సంగతి చెప్పేశారు. జనం దానికీ ఎగబడ్డారు. పాత సినిమాల కాలం అయిపోయింది.

ఫుకసాకు సినిమా గొప్పది. నిజం చెప్పింది కాబట్టి అదే మేలని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ముఠాల గురించి నిజం కావాలంటే ఫుకసాకు దగ్గరికి వెళ్లాలి. చేతిలో బలం ఉండి కూడా ఓర్చుకునే మనిషి లోపల ఏం జరుగుతుందో తెలియాలంటే మకినో దగ్గరికి, కతో దగ్గరికి, యమాషితా దగ్గరికి వెళ్లాలి. ముఠాల విషయంలో అబద్ధం చెప్పిన ఆ సినిమాలు మనసు విషయంలో చెప్పలేదు.

వీటిలో కొన్నిటికి ఇప్పుడు మంచి ప్రతులు, ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లతో దొరుకుతున్నాయి. కొత్తగా చూసేవాళ్లు ‘హిబోతన్ బకుతో’ వరసలో తాయ్ కతో తీసిన సినిమాలతో మొదలుపెట్టండి. తరవాత తకాకురా వంటవాడిగా వేసిన 1970 నాటి ‘షోవా జంక్యోదెన్’. ‘సోచో తొబాకు’ మాత్రం ఈ రెండూ చూశాకే చూడండి, లేకపోతే అది కూల్చేదేమిటో తెలియదు. ఫోనులో చూడకండి. లైట్లు తీసేసి, పెద్ద తెర మీద, మధ్యలో లేవకుండా చూడండి. మొదటి గంటంబావులో ఏమీ జరగడం లేదనిపిస్తే కథానాయకుడి చేతుల్ని గమనించండి, అంతా అక్కడే జరుగుతోంది.